కొత్త క్రిప్టో టోకెన్‌లో డబ్బు పెట్టే ముందు ఏమేం చూసుకోవాలి?

తెలిసినవాళ్ళెవరో ఒక లింకు పంపిస్తారు. కొత్త టోకెన్ వస్తోంది, ప్రీసేల్ (మార్కెట్లోకి రాకముందు అమ్మకం) ఇంకా రెండు రోజులే, లిస్ట్ అయ్యాక ధర పదింతలు ఖాయం అంటారు. సైటు చూస్తే బాగానే ఉంటుంది. గ్రూపులో వేలమంది ఉంటారు. అయినా మనసులో ఏదో మూల శంక. ఆ శంకను చాలామంది రెండు రకాలుగా వదిలించుకుంటారు. "ఇంతమంది పెట్టారు కదా" అని డబ్బు పంపేస్తారు, లేదంటే "క్రిప్టో అంతా మోసమే" అని పక్కకు తప్పుకుంటారు. ఎటు పోయినా అసలు సంగతి తేలదు. 2014లో ఈథీరియం కూడా ముందుగా కాయిన్లు అమ్మి డబ్బు పోగు చేసుకునే మొదలైంది. అదే ఏడాది వన్‌కాయిన్ కూడా మొదలైంది. దానికి అసలు బ్లాక్‌చెయినే (లావాదేవీలన్నీ నమోదయ్యే ఉమ్మడి పద్దు) లేదని, 400 కోట్ల డాలర్లకు పైగా జనం సొమ్ము అందులోకి పోయిందని తర్వాత అమెరికా ప్రాసిక్యూటర్లు తేల్చారు. ఆ రోజున బయటి నుంచి చూసినవాళ్ళకు రెండూ కొత్త కాయిన్లే.

కాబట్టి శంక వస్తే దాన్ని అణచుకోవద్దు, దాన్ని పట్టుకుని ప్రశ్నలు తయారు చేసుకోండి. ప్రతి ప్రశ్నకూ జవాబు ఆ ప్రాజెక్టు వాళ్ళ చేతిలో లేని చోట వెతకండి. వాళ్ళ సైటు, వాళ్ళ గ్రూపు, వాళ్ళ వీడియో, వాళ్ళు డబ్బిచ్చి రాయించుకున్న వార్త: ఇవన్నీ వాళ్ళ నోటి మాటలే. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క పద్ధతి మీద నడిచే అడుగులు. డబ్బు పంపకముందు చేస్తేనే వీటి వల్ల లాభం. బ్లాక్‌చెయిన్ మీద ఒకసారి వెళ్ళిపోయిన సొమ్మును వెనక్కి లాగే బటన్ ఎవరి దగ్గరా ఉండదు.

1. ముందు తొందర ఆపండి, వాళ్ళ మాటలు కాగితం మీద పెట్టండి

2018 మేలో అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ, హౌయీకాయిన్స్ అనే ఉత్తుత్తి టోకెన్ సైటు ఒకటి తయారు చేసింది. వైట్‌పేపర్ (ప్రాజెక్టు వివరాల పత్రం), సెలబ్రిటీల మెప్పు, త్వరగా కొంటే డిస్కౌంటు, క్షణక్షణం తగ్గిపోయే గడియారం అన్నీ అందులో పెట్టింది. కొనే బటన్ నొక్కితే మోసాలను ఎలా గుర్తుపట్టాలో చెప్పే పేజీకి తీసుకెళ్ళేది. వాళ్ళు ఏమేం పెట్టారో చూడండి, తొందరపెట్టే గడియారం అందులో తప్పకుండా ఉంది. ఆలోచించే టైము లేకుండా చేయడమే దాని పని. నిజంగా పనికొచ్చే ప్రాజెక్టయితే వారం తర్వాత కూడా ఉంటుంది. వారం ఆగితే పోయే అవకాశమైతే దాన్ని పోనివ్వడమే నయం.

ఆగాక ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క వాళ్ళు చెప్పిన మాటలు ఒక్కొక్కటిగా రాయండి. కుడి పక్క, ఆ మాట నిజమని చెప్పగల బయటివాళ్ళు ఎవరో రాయండి. "ఫలానా కార్డు కంపెనీతో ఒప్పందం" అంటే ఆ కార్డు కంపెనీ. "ఆడిట్ అయింది" అంటే ఆ ఆడిట్ సంస్థ. "లిక్విడిటీ (టోకెన్ అమ్మేవాళ్ళకు చెల్లించే సొమ్ము) లాక్ చేశాం" అంటే బ్లాక్‌చెయిన్. "నెలకు ఇంత లాభం ఖాయం" అంటే ఎవరూ లేరు, ఎందుకంటే అది ఎవరూ ఇవ్వలేని మాట. కుడి పక్క ఎక్కువ గళ్ళు ఖాళీగా మిగిలితే సగం పని అయిపోయినట్టే.

ఖాయం అనే మాట ఎక్కడ కనబడినా ఆగండి. 2017లో ప్లెక్స్‌కాయిన్ 29 రోజుల లోపే 1,354 శాతం లాభం వస్తుందని చెప్పి అమ్మింది, ఆ డిసెంబరులోనే ఎస్‌ఈసీ దాని మీద కేసు వేసి ఆపించింది. బిట్‌కనెక్ట్ తన దగ్గర ట్రేడింగ్ బాట్ ఉందని, కాయిన్లు అప్పుగా ఇస్తే నెలకు 40 శాతం దాకా వస్తుందని చెప్పుకుంది. 2018 జనవరిలో ఆ స్కీము మూతపడేసరికి టోకెన్ ధర కుప్పకూలింది. అమెరికా న్యాయశాఖ లెక్కలో ఆ మోసం 240 కోట్ల డాలర్లు.

2. నడిపేవాళ్ళు ఎవరో కనుక్కోండి

2017లో సెంట్రా టెక్ అనే కంపెనీ టోకెన్లు అమ్మి 2.5 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. క్రిప్టోను మామూలు దుకాణాల్లో ఖర్చు పెట్టుకునే డెబిట్ కార్డు తెస్తామని, వీసా, మాస్టర్‌కార్డులతో ఒప్పందాలున్నాయని చెప్పింది. సైటులో సీఈవో ఫొటో, హార్వర్డ్ చదువు, బ్యాంకింగ్ అనుభవం అన్నీ ఉన్నాయి. ఆ సీఈవో అనే మనిషే లేడు. ఫొటో ఆ కంపెనీతో ఏ సంబంధమూ లేని ఒక ప్రొఫెసర్‌ది. ఒప్పందాలూ లేవు. బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్, సంగీతకారుడు డీజే ఖలీద్ దాన్ని ప్రచారం చేశారు, అందుకు డబ్బు తీసుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరికి 2021లో 8 ఏళ్ళ జైలు శిక్ష పడింది.

ఆ ఒక్క ఫొటోను రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడటానికి పట్టేది అర నిమిషం. మీరూ అదే చేయండి. టీమ్ పేజీలో ఉన్న ప్రతి ఫొటోనూ సేవ్ చేసి వెతకండి. అవే మొహాలు ఇంకో పేరుతో ఎక్కడైనా వస్తున్నాయా చూడండి. కంప్యూటర్ తయారు చేసిన మొహాలైతే ఎక్కడా దొరకవు, కాబట్టి ఫొటో దొరకకపోవడం మంచి గుర్తు అనుకోకండి. ఆ మనిషి ఈ ప్రాజెక్టుకు ముందు ఏం చేశాడన్నది చూడాలి. ఐదేళ్ళ కిందటి ఉపన్యాసం, పాత కోడ్, పాత కంపెనీ ఉద్యోగుల జాబితా, ఏదో ఒక ఆనవాలు ఉండి తీరాలి. పదేళ్ళ అనుభవం అని రాసుకున్నవాడి ప్రొఫైల్ మూడు నెలల కిందటే పుట్టిందంటే ఆ అనుభవం ఎక్కడిదో మీరే ఊహించవచ్చు.

పేరు చెప్పుకోకుండా పనిచేసే నిజాయితీపరులు ఈ రంగంలో ఉన్నారు, బిట్‌కాయిన్ పుట్టిందే అలాగ. కానీ బిట్‌కాయిన్ సృష్టికర్త ఎవరి దగ్గరా ముందుగా డబ్బు వసూలు చేయలేదు. పేరు దాచుకున్నవాడు డబ్బు అడుగుతున్నప్పుడు నా లెక్క వేరు: డబ్బు పోతే ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలియని చోట నేను పెట్టమని చెప్పను.

సెలబ్రిటీ మాటను లెక్కలోకే తీసుకోవద్దు. అమెరికన్ టీవీ తార కిమ్ కర్దాషియాన్ ఈథీరియంమ్యాక్స్ టోకెన్ గురించి పోస్టు పెట్టినందుకు 2,50,000 డాలర్లు తీసుకున్న సంగతి చెప్పలేదని 2022 అక్టోబరులో ఎస్‌ఈసీ కేసు పెడితే, ఆమె 12.6 లక్షల డాలర్లు కట్టి పరిష్కరించుకున్నారు.

3. రిజిస్ట్రేషన్, అనుమతి ఒకటి కాదు

గ్రూపులో ఎవరైనా "ఇది లీగలేనా" అని అడిగితే వెంటనే ఒక సర్టిఫికెట్ ఫొటో పడుతుంది. అది చాలాసార్లు కంపెనీ రిజిస్ట్రేషన్ కాగితం. కొద్దిపాటి ఫీజు కడితే చాలా దేశాల్లో ఎవరైనా కంపెనీ రిజిస్టర్ చేసుకోవచ్చు. జనం దగ్గర పెట్టుబడి సేకరించడానికి కావలసిన అనుమతి వేరు, అది ఇచ్చే సంస్థ వేరు. కాగితం మీద ఉన్న నంబరును ఆ సంస్థ సొంత సైటులో మీరే టైప్ చేసి వెతకండి. వాళ్ళు పంపిన లింకు నొక్కితే అచ్చం అలాగే కనిపించే నకిలీ సైటుకు వెళ్ళే ప్రమాదం ఉంది.

తర్వాత మీ దేశపు నియంత్రణ సంస్థ హెచ్చరికల జాబితాలో ఆ పేరు ఉందేమో చూడండి. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ, అనుమతి లేని సంస్థల జాబితాను ఎప్పటికప్పుడు పెడుతుంది. ప్రాజెక్టు ఏ దేశంలో ఉందంటున్నారో ఆ దేశపు జాబితా కూడా చూడాలి. జాబితాలో లేదంటే మంచిదని అర్థం కాదు, ఇంకా ఎవరూ ఫిర్యాదు చేయలేదేమో అంతే.

యూరోపియన్ యూనియన్‌లో మైకా చట్టం టోకెన్ల అమ్మకాలకు 2024 డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద ఇచ్చే వైట్‌పేపర్‌లో, దీన్ని ఏ అధికార సంస్థా ఆమోదించలేదు, ఇందులో ఉన్నదానికి అమ్మేవారిదే పూర్తి బాధ్యత అనే వాక్యం మొదటి పేజీలోనే ఉండాలి. కనుక "మా వైట్‌పేపర్‌ను యూరప్ ఆమోదించింది" అని ఎవరైనా అంటే, వాళ్ళకు చట్టం తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నారు.

4. వైట్‌పేపర్‌లో డబ్బు దారి వెతకండి

ముప్పై పేజీలు చదవాల్సిన పని లేదు. మూడు విషయాలు దొరుకుతాయా చూడండి: పోగైన డబ్బు ఎవరి వాలెట్‌లో ఉంటుంది, అందులోంచి తీయడానికి ఎంతమంది సంతకాలు కావాలి, అనుకున్నంత రాకపోతే వెనక్కి ఇస్తారా. వీటికి జవాబు లేకుండా మార్కెట్ ఎంత పెద్దదో చెప్పే బొమ్మలే ఉంటే ఆ కాగితం మీకోసం రాసింది కాదు. నాలుగు వాక్యాలు కాపీ చేసి సెర్చ్‌లో వేయండి, ఇంకో ప్రాజెక్టు వైట్‌పేపర్ నుంచి ఎత్తేసినవి చాలానే దొరుకుతాయి. ఈ టోకెన్ లేకుండా ఆ పని జరగదా అని కూడా అడగండి. మామూలు డబ్బుతో సాఫీగా నడిచే పనికి టోకెన్ అతికించారంటే, అమ్మకం కోసమే అతికించారని నేను అనుకుంటాను.

5. కాంట్రాక్ట్‌ను మీ కళ్ళతో చూడండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే అన్నిటికంటే గట్టి ఆధారం దొరికే చోటు ఇదే. మనుషులు చెప్పేది మారుతుంది, బ్లాక్‌చెయిన్ మీద పడిన రికార్డు మారదు. కోడింగ్ రానివాళ్ళు కూడా చూడగలిగేవి చాలా ఉన్నాయి.

ప్రాజెక్టు అసలు సైటు నుంచి టోకెన్ కాంట్రాక్ట్ (టోకెన్‌ను నడిపే కోడ్) అడ్రస్ తీసుకోండి. గ్రూపులో ఎవరో పెట్టినది వద్దు, అదే పేరుతో నకిలీ టోకెన్లు తిరుగుతుంటాయి. ఆ అడ్రస్‌ను బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే బ్లాక్‌చెయిన్ రికార్డులు చూపించే సైటులో వేయండి. ఈథీరియం టోకెన్లకు ఈథర్‌స్కాన్, సొలానాకు సోల్‌స్కాన్. ఈథీరియం తరహా చెయిన్లలో ముందుగా కాంట్రాక్ట్ అనే ట్యాబ్ తెరిచి, సోర్స్ కోడ్ వెరిఫై అయిందో లేదో చూడండి. కాలేదంటే లోపల ఏముందో మామూలువాళ్ళు చదవలేరు. అక్కడితో ఆపేయవచ్చు.

కోడ్ కనబడుతుంటే రైట్ కాంట్రాక్ట్ అనే చోటికి వెళ్ళండి. ఆ కాంట్రాక్ట్‌తో ఏమేం చేయించవచ్చో పేర్ల జాబితా వస్తుంది. మింట్ అని ఉంటే కొత్త టోకెన్లు పుట్టించవచ్చు. పాజ్ ఉంటే లావాదేవీలు ఆపేయవచ్చు. బ్లాక్‌లిస్ట్ ఉంటే మీ అడ్రస్‌ను అమ్మకుండా కట్టేయవచ్చు. సెట్ ఫీ, సెట్ ట్యాక్స్ లాంటివి ఉంటే, మీరు అమ్మేటప్పుడు కోసుకునే వాటాను రేపు 5 నుంచి 95 శాతానికి పెంచే వీలుంది, కోడ్‌లో పై హద్దు పెట్టి ఉంటే తప్ప. ఈ అధికారాలు ఉండటమే నేరం కాదు, కొన్నిటికి సరైన కారణాలుంటాయి. అవి ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ప్రశ్న. రీడ్ కాంట్రాక్ట్‌లో ఓనర్ అని ఉన్నచోట ఒక అడ్రస్ కనిపిస్తుంది. అది ఒకే మనిషి వాలెట్ అయితే ఆ మనిషి తలచుకున్నప్పుడు మీ డబ్బు చిక్కుకుంటుంది. పలువురు సంతకం చేస్తేనే కదిలే మల్టీసిగ్ అయితే కొంత మెరుగు. అన్నీ సున్నాలున్న అడ్రస్ అయితే యాజమాన్యం వదులుకున్నట్టు. అయితే ప్రాక్సీ అనే మాట కనిపిస్తే మాత్రం జాగ్రత్త, వెనకాల అసలు కోడ్‌నే మార్చేసే వీలుంటుంది.

ఇప్పుడు హోల్డర్స్ ట్యాబ్. మొదటి పది అడ్రసుల్లో ఎంత శాతం ఉందో చూడండి. కంగారు పడకముందు వాటిలో ఏది లిక్విడిటీ పూల్, ఏది ఎక్స్ఛేంజ్, ఏది లాక్ కాంట్రాక్ట్ అన్నది వేరు చేయండి, ఎక్స్‌ప్లోరర్ చాలావాటికి పేరు తగిలిస్తుంది. మిగిలినవి మామూలు వాలెట్లు. ఒక్కొక్కదాన్నీ తెరిచి, దాని మొట్టమొదటి లావాదేవీ దాకా కిందికి వెళ్ళండి. ఫీజుల కోసం మొదటిసారి కాస్త ఈథర్ (ఈథీరియం కాయిన్) ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ ఉంటుంది. ఎనిమిది వాలెట్లకూ ఒకే అడ్రస్ నుంచి, ఒకే రోజు, ఇంచుమించు ఒకే మొత్తం వచ్చిందనుకోండి. ఆ ఎనిమిదిమందీ చాలావరకు ఒక్కరే. సైటులో టీమ్ వాటా 10 శాతం అని రాసి ఉండవచ్చు, మీ కళ్ళ ముందు మాత్రం 45 శాతం ఒకే చేతిలో ఉంది. ఇలాంటి చోట వాదన అక్కర్లేదు, స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

6. కొన్నవాళ్ళు అమ్మగలుగుతున్నారా?

2021 అక్టోబరు చివర్లో, స్క్విడ్ గేమ్ అనే కొరియన్ సీరియల్‌కు ఉన్న క్రేజ్‌ను వాడుకుని స్క్విడ్ అనే టోకెన్ వచ్చింది. ఆ సీరియల్ తీసినవాళ్ళకు దానితో సంబంధం లేదు. ఒక సెంటు దగ్గర మొదలైన ధర నవంబరు 1న 2,861 డాలర్ల దాకా ఎగబాకి, నిమిషాల్లో దాదాపు సున్నాకు పడిపోయింది. నడిపినవాళ్ళు దాదాపు 33 లక్షల డాలర్లు పట్టుకుపోయారు. ధర పెరిగిన రోజుల్లోనే కొన్నవాళ్ళు అమ్మలేకపోతున్నామని మొత్తుకున్నారు. కొనడం సులువు, అమ్మడానికి మాత్రం ఏవేవో షరతులు. అమ్మేవాళ్ళు లేకపోతే ధర పెరగడమే తప్ప తగ్గడం ఉండదు, దూరం నుంచి చూసేవాళ్ళకు అది గొప్ప గిరాకీలా కనిపిస్తుంది.

కాబట్టి గ్రాఫ్ చూసి మురిసిపోకముందు లావాదేవీల జాబితా చూడండి. రకరకాల చిన్న వాలెట్లు అమ్ముతున్నాయా? అన్నీ కొనుగోళ్ళే ఉండి, అమ్మినవి ఒకటి రెండు అడ్రసులే అయితే అది హనీపాట్, అంటే కొనడమే తప్ప అమ్మడం కుదరని ఉచ్చు కావచ్చు. హనీపాట్‌ను పట్టే ఉచిత సైట్లు ఉన్నాయి, వాడండి, కానీ ఇవాళ పాసైన టోకెన్‌లో రేపు ఓనర్ తలుపు మూసేయవచ్చని మర్చిపోవద్దు.

లిక్విడిటీ అంటే మీరు టోకెన్ అమ్మినప్పుడు మీకు బదులుగా వచ్చే అసలు సొమ్ము ఉండే పూల్. దాన్ని పెట్టినవాళ్ళు ఎప్పుడైనా తీసుకుపోగలిగితే మీ టోకెన్లకు కొనే దిక్కు ఉండదు. అందుకే లాక్ చేశాం అని చెబుతారు. ఎంత శాతం, ఏ లాక్ కాంట్రాక్ట్‌లో, ఏ తేదీ దాకా అన్న మూడూ అడగండి, జవాబు లింకు రూపంలో కావాలి. 2021లో హోరెత్తిన సేఫ్‌మూన్ కూడా లిక్విడిటీ లాక్ అయి ఉందని మదుపరులకు చెప్పింది. ఆ మాట అబద్ధమని, ఆ సొమ్ములోంచి లోపలివాళ్ళు వాడుకున్నారని అమెరికాలో కేసు నడిచి, 2025లో జ్యూరీ సీఈవోను దోషిగా తేల్చింది. ఇంకో మాట, మూడు నెలల లాక్ అంటే నాలుగో నెల దాకా ఆగిన దొంగకు అడ్డం కాదు.

7. ధర కాదు, మొత్తం లెక్క చూడండి

ఒక టోకెన్ ధర 2 డాలర్లు, మార్కెట్లో తిరుగుతున్నవి 5 కోట్లు అనుకుందాం. విలువ 10 కోట్ల డాలర్లు అని సైటులో కనిపిస్తుంది. కానీ మొత్తం టోకెన్లు 100 కోట్లు. అవన్నీ ఇదే ధరకు నిలబడాలంటే 200 కోట్ల డాలర్ల విలువ ఉండాలి. అందులో 20 కోట్లు టీమ్‌వి, ఏడాది తర్వాత విడుదలవుతాయి. అంటే ఆ ఒక్క రోజు, ఇవాళ మార్కెట్లో ఉన్నదానికి నాలుగింతల సరుకు వచ్చి పడుతుంది. ప్రీసేల్‌లో 10 సెంట్లకు కొన్నవాళ్ళు ధర సగానికి సగం పడ్డా పదింతల లాభంతో అమ్ముకుంటారు, మీరు సగం పోగొట్టుకుంటారు. ఇందులో మోసం లేకపోవచ్చు, అంతా వైట్‌పేపర్‌లో రాసే ఉండవచ్చు. అందుకే విడుదల తేదీల పట్టిక వెతికి పట్టుకుని, మీరు కొనే రోజు పక్కన పెట్టి చూడండి.

8. ఆడిట్ రిపోర్టును ఆడిట్ సంస్థ దగ్గరే చదవండి

ప్రాజెక్టు సైటులో ఉన్న పీడీఎఫ్ వద్దు. ఆడిట్ సంస్థ సైటులో ఆ రిపోర్టు ఉందా, అందులోని కాంట్రాక్ట్ అడ్రస్, మీరు చూసిన అడ్రస్ ఒకటేనా, దొరికిన లోపాల్లో ఎన్ని సరిచేశారు, ఎన్ని "చూశాం" అని వదిలేశారో చూడండి. ఆడిట్ చూసేది కోడ్‌ను, మనుషుల బుద్ధిని కాదు.

9. నలుగురిలో ఒక ప్రశ్న అడిగి చూడండి

నా వరకు ఇది చాలా విలువైన పరీక్ష. వాళ్ళ గ్రూపులో మర్యాదగా, కోపం లేకుండా, ఆధారంతో అడగండి. ఉదాహరణకు ఇలా: "హోల్డర్ల జాబితాలో 3 నుంచి 10 దాకా ఉన్న వాలెట్లకు ఒకే అడ్రస్ నుంచి డబ్బు వచ్చింది. ఇవి టీమ్ వాలెట్లేనా? అయితే టీమ్ వాటా 10 శాతం అని రాసినదానితో ఎలా సరిపోతుంది?" అడిగాక ఊరికే గమనించండి.

నిజాయితీగా నడిపేవాళ్ళు జవాబిస్తారు, లేదా రేపటికి చెబుతామని అంటారు, అన్నట్టే చెబుతారు. మోసం ఉన్నచోట ప్రశ్న మాయమవుతుంది, లేదా మీరే గ్రూపు నుంచి మాయమవుతారు. ఒక్కోసారి అడ్మిన్ ఏమీ అనడు, మిగతా సభ్యులే మీద పడతారు. ఫడ్ (లేనిపోని భయాలు) పుట్టిస్తున్నావని, పేదవాడిగానే ఉండిపో అని తిడతారు. వాళ్ళలో కొందరు జీతానికి కూర్చున్నవాళ్ళు, ఎక్కువమంది మాత్రం డబ్బు ఇరుక్కుపోయి భయంతో ఉన్నవాళ్ళు. వాళ్ళ మీద కోపం పెట్టుకోవద్దు. కానీ ప్రశ్న అడిగినవాడిని శత్రువుగా చూసే చోట మీ డబ్బు ఉండకూడదు.

మీ అనుమానాన్ని బయట రాయాలనుకుంటే చూసినదే రాయండి. "దొంగలు" అని రాస్తే పరువు నష్టం అంటూ బెదిరిస్తారు. "ఫలానా తేదీన ఈ లావాదేవీలో ఇంత మొత్తం ఈ అడ్రస్‌కు వెళ్ళింది, ఎందుకో ప్రాజెక్టు చెప్పలేదు" అని రాస్తే ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు. ఆలస్యం వేరు, అబద్ధం వేరన్నది కూడా గుర్తుంచుకోండి. 2018లో టెలిగ్రామ్ తన గ్రామ్ టోకెన్ల కోసం 170 కోట్ల డాలర్లు సేకరించింది. ఎస్‌ఈసీ కోర్టుకెక్కడంతో ఆ ప్రాజెక్టు ఆగింది, 2020లో 120 కోట్ల డాలర్లకు పైగా మదుపరులకు తిరిగి ఇవ్వడానికి, 1.85 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది. అక్కడ గొడవ రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మారని, డబ్బు ఎత్తుకుపోయారని కాదు. అన్నిటినీ ఒకే గాటన కడితే నిజమైన మోసాన్ని ఎత్తిచూపినప్పుడు మన మాట ఎవరూ వినరు.

10. అన్నీ చూశాక పెట్టాలనుకుంటే

కొత్త వాలెట్ ఒకటి తెరిచి, ఈ పనికి కావలసినంతే అందులో వేయండి. మీ దాచుకున్న సొమ్మంతా ఉన్న వాలెట్‌ను ఏ ప్రీసేల్ సైటుకూ కనెక్ట్ చేయొద్దు. అప్రూవల్ (మీ వాలెట్ నుంచి టోకెన్లు తీసుకునే అనుమతి) అడిగినప్పుడు అన్‌లిమిటెడ్ వదిలేసి, పంపుతున్న మొత్తం వరకే ఇవ్వండి. ముందు చిన్న మొత్తం కొని, అందులో కొంత అమ్మి చూడండి. సీడ్ ఫ్రేజ్ (వాలెట్‌ను తెరిచే రహస్య పదాల వరుస) ఎవరు అడిగినా, సపోర్ట్ టీమ్ అన్నా సరే, ఇవ్వొద్దు. అప్పు తెచ్చిన డబ్బు వద్దు. ఈ మొత్తం రేపు సున్నా అయితే ఇంట్లో చెప్పుకోగలరా అని ఆలోచించండి, చెప్పుకోలేని మొత్తమైతే తగ్గించండి.

11. ఇప్పటికే పెట్టి, ఇప్పుడు అనుమానం వస్తే

మొదట కొంత వెనక్కి తీసి చూడండి. తీయాలంటే ముందు ట్యాక్స్ కట్టాలి, వెరిఫికేషన్ డిపాజిట్ కట్టాలి అన్నారంటే ఇక ఒక్క పైసా పంపొద్దు. మీ డబ్బులోంచే కోసుకోగలిగిన ఫీజును కొత్తగా పంపమంటున్నారంటే అక్కడ మీ డబ్బు లేనట్టే. నిండా మునిగాక చలేమిటి అనుకుని ఇంకాస్త పెట్టడం వల్లే చిన్న నష్టాలు జీవితాన్ని కుదిపేసే నష్టాలవుతాయి. ఎవరినీ కొత్తగా చేర్పించకండి. మీరు ముందే చేర్పించినవాళ్ళు ఉంటే మీ అనుమానం వాళ్ళకు వెంటనే చెప్పండి, సిగ్గుపడి దాచిన ప్రతి రోజూ వాళ్ళ నష్టం పెరుగుతుంది.

అప్రూవల్స్ రద్దు చేయండి, ఎక్స్‌ప్లోరర్‌లోనే ఆ సదుపాయం ఉంటుంది. సీడ్ ఫ్రేజ్ ఎక్కడైనా టైప్ చేసి ఉంటే రద్దు సరిపోదు, మిగిలినదంతా ఆ క్షణమే కొత్త వాలెట్‌కు మార్చండి.

12. డబ్బు పోయాక

గ్రూపు మూసేయకముందే చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి. సైటు పేజీలు, వాగ్దానాలు, మీకు మెసేజ్ చేసినవాళ్ళ యూజర్‌నేమ్‌లు స్క్రీన్‌షాట్ తీయండి. ప్రతి చెల్లింపుకూ లావాదేవీ హ్యాష్ (దాని గుర్తింపు కోడ్), తేదీ, మొత్తం, పంపిన అడ్రస్, చేరిన అడ్రస్ ఒక పట్టికలో రాయండి. చేరిన అడ్రస్ నుంచి సొమ్ము ఎటు పోయిందో ఎక్స్‌ప్లోరర్‌లో వెంబడించండి. అది ఏదైనా పేరున్న ఎక్స్ఛేంజ్‌కు చేరితే ఆ ఎక్స్ఛేంజ్‌కు వెంటనే తెలియజేసి, సైబర్ పోలీసులకు ఇచ్చే ఫిర్యాదులో ఆ అడ్రస్ రాయండి. పోయింది యూఎస్‌డీటీ, యూఎస్‌డీసీ లాంటి స్టేబుల్‌కాయిన్ (డాలరు విలువకు ముడిపెట్టిన కాయిన్) అయితే ఇంకా తొందరపడండి. వాటిని జారీ చేసే టెథర్, సర్కిల్ సంస్థలు పోలీసుల విజ్ఞప్తి మీద ఆ అడ్రసుల్ని ఫ్రీజ్ చేయగలవు, కాకపోతే సొమ్ము ఇంకా అక్కడ ఉన్నప్పుడే. కార్డుతోనో బ్యాంకు ద్వారానో కట్టి ఉంటే బ్యాంకుకు కూడా అదే రోజు చెప్పండి.

ఫిర్యాదు గురించి ఎక్కడైనా పోస్టు పెట్టారో లేదో, పోయిన క్రిప్టోను తిరిగి రాబడతామని మెసేజ్‌లు మొదలవుతాయి. హ్యాకర్లమని, లాయర్లమని, ఒక్కోసారి ప్రభుత్వ అధికారులమనీ చెబుతారు. ముందుగా ఫీజు అడిగితే అది రెండో మోసం. మోసపోయినవాళ్ళ జాబితాలు చేతులు మారుతుంటాయి కాబట్టి మొదటి మోసం చేసినవాళ్ళే కొత్త పేరుతో రావచ్చు కూడా.

ఆ పట్టిక, స్క్రీన్‌షాట్లు రెండు చోట్ల దాచి, ఏళ్ళ తరబడి ఉంచండి. 2018 జనవరిలో కూలిన బిట్‌కనెక్ట్ కేసులో, 1.7 కోట్ల డాలర్లు 40 దేశాల్లోని 800 మంది బాధితులకు ఇవ్వాలని అమెరికా కోర్టు ఆదేశించింది 2023 జనవరిలో. అంటే ఐదేళ్ళ తర్వాత. అలాంటి పిలుపు వచ్చిన రోజున ఎంత పెట్టారో, ఎప్పుడు పెట్టారో చూపించాల్సింది మీరే.